బొంత అంచున దారి తప్పిన కుట్లు

పెద్దదాని అమ్మకు, ప్రభువు మన గడపను కాచును గాక. నేను క్షేమం, మనసే ఒకచోట నిలవడం లేదు.

మన పాత బట్టలతో నువ్వు కొత్తగా కుట్టి ఇచ్చిన బొంతను, నేను దిగిన ఇంటి దర్జీ భార్య నిన్న ఎండలో వేసింది. “ఈ అంచు పిల్లలు కుట్టారా అయ్యగారూ? మీ చొక్కా ముక్క తిరగబడింది, జేబు లోపలికి పోయింది!” అని నవ్వింది. లాక్కుని చూశాను. నడుమ నీ కుట్లు చీమల బారులా ఉన్నాయి, అంచుకు వచ్చేసరికి దారి తప్పాయి. సాయంత్రం సభలో గుడ్డివాడికి చూపొచ్చిన అధ్యాయం వస్తే, మైకు లేకుండా వీధి చివరికి వినబడేలా చదివే నేను, బైబిలు మూసి పాట ఎత్తుకున్నాను.

నిజం చెప్పు, నీకు కళ్ళు ఆనడం లేదా? నా సువార్త ప్రయాణం ఆగిపోతుందని దాచావా? ప్రార్థన నేను చేస్తాను, నువ్వు మీ అన్నయ్యతో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళు. డాక్టర్నీ దేవుడే పుట్టించాడు. పొయ్యి పని పెద్దదానికి అప్పగించు. కోడిపిల్లలు బతికాయా?

పిల్లలకు దీవెనలు. నీకోసం పెద్ద అక్షరాలు రాసేసరికి కార్డు నిండిపోయింది. జవాబు నీ చేత్తోనే రాయి. అందులో పెద్దదాని చేతిరాత కనిపించిందా, సభలన్నీ ఆపేసి మొదటి బస్సెక్కుతాను.