సంతకం కలవలేదు

హెడ్డాఫీసుకి,

నీ బ్రాంచివాడు బోలెడంత ప్రేమతో రాస్తున్నాడు.

అక్షరాలు చూసి కంగారు పడకు. గదిలో నాది పై మంచం. బల్లా లేదు, కుర్చీ లేదు. బోర్లా పడుకుని, దిండు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. కింది మంచం డ్రైవరు అటూ ఇటూ దొర్లినప్పుడల్లా నా అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బోర్డులు రాసేవాడు ఉత్తరం ఇలా రాశాడేమిటని నవ్వుకుంటే నవ్వుకో.

పని బాగానే ఉంది. రోజూ ఏదో ఒక షాపు బోర్డు, ఒకటో రెండో లారీ తలుపులు. మా యజమాని నా పని చూసి షాపులో వాటా ఇస్తానంటున్నాడు. పరాయి దేశంలో ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు. అందుకని డబ్బు తీసే ఫారం సంతకం చేసి ఇందులో పెట్టాను. పాస్‌బుక్కు పట్టుకెళ్ళి బ్యాంకులో మన క్యాషియర్ చేతికియ్యి. ఖాతాలో ఉన్నదంతా డ్రాఫ్టు తీసి నా పేరున పంపమను. నెలా పదిహేను రోజుల్లో నాకు అందాలి.

మరి మన ఇంటి సంగతేమిటని నువ్వు నడుం మీద చెయ్యి పెట్టుకుని అడగడం ఇక్కణ్ణించే కనిపిస్తోంది. అద్దెకుంటున్న ఆ రెండు గదులూ కొనుక్కోవడానికే ఆ డబ్బు దాచామని నాకూ తెలుసు. ఇంటాయన ఏడాది గడువిచ్చాడు కదా, ఈలోపు మళ్ళీ కూడబెడదాం. వేళకి తిను. ఫోన్ చెయ్యలేదని అలగకు, నువ్వు ఫోనందుకునే పక్కకొట్టులో అందరూ చెవులు రిక్కించుకుని కూర్చుంటే నాకు మాట రాదు.

నీ
పెయింటరు

———

శ్రీవారికి,

ఉత్తరం అందింది. ఫారం తీసుకుని మర్నాడే బ్యాంకుకి వెళ్ళాను. క్యాషియర్ అన్నయ్య నన్ను చూడగానే, "ఏం చెల్లెమ్మా, మావాడు అక్కడ రాజ్యం ఏలుతున్నాడా?" అని నవ్వుతూనే ఫారం అందుకున్నాడు. బీరువాలోంచి మీ సంతకం ఉన్న కార్డు తీసి పక్కన పెట్టుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నవ్వు పోయింది. "ఇది వాడి సంతకం కాదమ్మా" అన్నాడు మెల్లిగా. మేనేజరుగారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఇంకా మాట్లాడనిచ్చారా? ఎర్ర సిరాతో 'సంతకం కలవలేదు' అని రాసి వెనక్కిచ్చేశారు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి పైకి చూశాను. అంత పొడుగు బోర్డు, ఆ చివర్నుంచి ఈ చివరి దాకా మీ చేతిరాత. దాని కిందే కూర్చుని లోపల వాళ్ళు మీ చేతిరాత మీది కాదంటున్నారు. మొదట నవ్వొచ్చింది. మెట్లు దిగేసరికి ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మీరు వెళ్ళేటప్పుడు ఖాతాలో నా పేరు కూడా చేర్చమని అడిగాను. "వచ్చాక చూద్దాంలే, బ్యాంకు ఎక్కడికీ పారిపోదు" అన్నారు. ఆ రోజు ఆ ఒక్క పనీ చేసుంటే ఇవాళ నేనే సంతకం పెట్టి పంపేదాన్ని కదా.

సంతకం మారిపోతే దానికో వేరే ఫారం ఉందట. అది ఇందులో పెడుతున్నాను. అక్కడ మన ఎంబసీలో అధికారి ముందు కొత్త సంతకం చేసి, ముద్ర వేయించి పంపాలట. మధ్యలో 'సంతకం మారడానికి కారణం' అని ఒక గడి ఉంది. అది చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మీకేమన్నా అయిందా? ఆ ఫారం మీద సంతకం చేసింది మీరేనా? వాటా సంగతి తర్వాత చూద్దాం, ముందు నాకు నిజం రాయండి. తిట్టను. తిట్టినా మీకు వినపడేంత దూరంలో లేను కదా.

మీ
హెడ్డాఫీసు

———

ఒరే క్యాషియరూ,

ఈ కవరు బ్యాంకు చిరునామాకి, నీ పేరున పంపుతున్నాను. ఇంటికి పంపితే మీ చెల్లెమ్మ విప్పుతుంది. ఇందులో సంతకం మార్పు ఫారమూ, డబ్బు తీసే కొత్త ఫారమూ ఉన్నాయి. ఎంబసీ ముద్ర ఉంది, ఆసుపత్రి సర్టిఫికెట్టూ ఉంది. కారణం గడిలో రాసింది నిజం. నువ్వు నీ ఉద్యోగం సరిగ్గానే చేశావు. నేనే అయినా ఆ సంతకాన్ని నమ్మేవాణ్ణి కాదు.

ఏడు వారాల కిందట ఒక మూడంతస్తుల షాపు మీద ఇనుప చట్రం బోర్డు బిగిస్తున్నాం. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింద ఎవరూ లేరు. అదే మన దగ్గరైతే నేను నిచ్చెనెక్కితే మీ చెల్లెమ్మ కింద రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడేది. "నా చీర మీద చుక్క పడిందంటే మీ కూలీలో కోత" అంటూ ఉండేది. ఇక్కడ మనిషికో పని, నిచ్చెనకి మనిషి లేడు. అది జారింది. పడకుండా చట్రం పట్టుకున్నాను. పడలేదు కానీ ఆ ఇనుప అంచు కుడి అరచేతిని ఈ చివర్నుంచి ఆ చివరికి కోసేసింది. బొటనవేలినీ చూపుడువేలినీ కదిపే నరాలు తెగాయన్నారు. గాయం మానింది, వేళ్ళు మాత్రం వంగవు. బ్రష్షు కాదు కదా, చొక్కా బొత్తం కూడా పట్టవు. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నానురా. తనకి రాసిందీ అంతే. పై మంచమనీ డ్రైవరనీ ఏదో కథ అల్లాను. డ్రైవరు పాపం నిద్రలో కదలనే కదలడు.

మూడు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే నరాలు కలుస్తాయట, ఆ తర్వాతయితే తన చేతుల్లో లేదన్నాడు డాక్టరు. డబ్బు ముందే కట్టాలి. యజమాని మొదటి రోజు కట్టుకి ఇచ్చి, నిచ్చెన సరిగ్గా పెట్టుకోకపోవడం నీ తప్పే అన్నాడు. ఇప్పుడు సగం జీతానికి డబ్బాలు కడుగుతున్నాను, పాత బోర్డులు గీకుతున్నాను. అప్పు ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. నా దగ్గరున్నదంతా మీ బీరువాలోనే ఉంది, దానికి తాళంచెవి నా కుడిచేయి. ఎంత నవ్వులాటో చూడు.

ఆవిడకి ఎందుకు చెప్పవురా అంటావు. ఇల్లు పోతుందని ఒక కారణం. అసలు కారణం ఇంకోటుంది, అది నీకే చెబుతున్నాను. మందుల షాపు బోర్డు రాస్తున్న రోజుల్లో ఒకసారి టీకి వెళ్ళొచ్చేసరికి తను బ్రష్షు తీసుకుని ఒక అక్షరంలో రంగు నింపుతోంది. అంచు కాస్త దాటింది, అంతే. షాపతనూ నలుగురు మనుషులూ చూస్తుండగా కిరసనాయిలు గుడ్డతో ఆ అక్షరం తుడిచేసి, "ఇది అందరికీ వచ్చే విద్య కాదు. నువ్వు నిచ్చెన పట్టుకో, చాలు" అన్నాను. అందరూ నవ్వారు. తను బ్రష్షు కింద పెట్టేసింది. చేతులు కడుక్కొచ్చి నిచ్చెన పట్టుకుంది. ఆ తర్వాత బ్రష్షు ముట్టుకోగా నేను చూడలేదు. ఇప్పుడు ఆ విద్య నా చేతిలోనే లేదు. ఈ మాట తనకి ఏ మొహం పెట్టుకుని రాయను? సిగ్గేస్తోందిరా.

ఫారం మేనేజరుగారికి చూపించు. తనకి మాత్రం చూపించకు. నీకు దణ్ణం పెడతాను, ఒక చేత్తోనే అనుకో.

నీ
బ్రష్షు

———

శ్రీవారికి,

మీ డబ్బు వస్తోంది. ముందు ఆ మాట చదివి ఊపిరి తీసుకోండి. మేనేజరుగారు సర్టిఫికెట్టూ ముద్రా చూసి రెండు రోజుల్లో మీ ఎడమచేతి సంతకం ఒప్పుకున్నారు. డ్రాఫ్టు ఈ ఉత్తరంతోనే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అందిన రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రేపు, ఎల్లుండి అన్నారంటే ఊరుకోను.

క్యాషియర్ అన్నయ్య మీ రహస్యం చెప్పలేదు. పాపం ఆయన్ని ఏమీ అనకండి. పాస్‌బుక్కు తెమ్మని కబురు పంపి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "చెల్లెమ్మా, నేను ఏ కాగితమూ చూపించనని మాటిచ్చాను. మంచినీళ్ళు తాగొస్తాను" అని ఫారం బల్ల మీద వదిలేసి వెళ్ళాడు. మీ ఉత్తరం దానికి పిన్ను కొట్టే ఉంది. ఆయన ఆ మంచినీళ్ళు అరగంట తాగాడు.

నాకు మొదటి ఉత్తరంతోనే అనుమానం వచ్చింది. ఇంజను ఆపని లారీ తలుపు మీద వంకర లేకుండా రాసిన మనిషి, ఎవరో మంచం మీద దొర్లితే వంకర పోతాడా? బ్యాంకులో ఎర్ర సిరా చూశాక వారం రోజులు నాకు అన్నం సయించలేదు. మీరు లేరేమో, మీ పేరుతో ఇంకెవరో రాస్తున్నారేమో అనుకున్నాను. ఆ మాట పైకి అనడానికి కూడా భయపడి ఉత్తరం దిండుకింద పెట్టుకుని తిరిగాను. ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుని మళ్ళీ చదువుతుంటే కనిపించింది. మీరు మాటంతా రాసేసి, వెనక్కొచ్చి తలకట్లన్నీ ఒకేసారి పెడతారు. బోర్డు మీదయినా, చాకలి పద్దు మీదయినా అంతే. ఈ ఉత్తరంలో అక్షరాలు ఒక చోట, తలకట్లు ఒక చోట. చెయ్యి ఎవరిదైనా అలవాటు మీదే. బతికే ఉన్నారు, చాలు అనుకుని ఆ పూట అన్నం తిన్నాను.

ఇప్పుడు కోపం సంగతి. ఎంబసీలో ముక్కూ మొహం తెలియని అధికారికి నిజం చెప్పారు. బ్యాంకు కాగితం మీద గడిలో పట్టేలా రాశారు. నేను ఏడుస్తూ అడిగితే నాకు మాత్రం జవాబే లేదు. మీకు నాకంటే బ్యాంకు దగ్గరిదయిందా? చాలా బాధపడ్డానండి. చెయ్యి తెగినందుకు ఒకసారి, దాచినందుకు ఒకసారి. మందుల షాపు సంగతి మీకు గుర్తుందని నాకు తెలీదు. నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను.

నేనూ ఒకటి దాచాను. మీరు వెళ్ళిన మూడో నెలలో మీ బ్రష్షులు ఎండిపోతున్నాయని కిరసనాయిల్లో నానబెట్టాను. నానబెట్టినదాన్ని ఊరుకోలేకపోయాను. మన పెరటి రేకు తలుపు మీద మీ అక్షరాలు చూసి చూసి రాశాను, తుడిచాను, మళ్ళీ రాశాను. మొదట పాలకేంద్రం వాళ్ళ ధరల పలక, ఆ తర్వాత బడి గోడ. ఇప్పటికి పదకొండు బోర్డులు రాశాను. మీకు రాస్తే నవ్వుతారని రాయలేదు.

ఈ మధ్య వానలకి బ్యాంకు బోర్డు పెచ్చులూడింది. మేనేజరుగారు తీసేసి ప్లాస్టిక్కుది పెట్టిస్తానన్నారు. ఫారం పని అయిన రోజే ఆయన ముందు నిలబడి, "నాకివ్వండి, నేను రాస్తాను" అన్నాను. "నీకెవరు నేర్పారమ్మా?" అన్నారు. "మీరు సంతకం కలవలేదన్నారే, ఆయనే" అన్నాను. ఆయన ప్లాస్టిక్కు బోర్డు మాట మానేసి, సరే రాయమన్నారు.

మూడు రోజులు పట్టింది. క్యాషియర్ అన్నయ్య భోజనాల వేళ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. పట్టుకోవడం రాదు ఆయనకి, జనం వంక చూస్తాడు. మీ అక్షరాల మీదే, మీ గీత దాటకుండా రంగు వేశాను. ఒక్క చోట కాస్త దాటింది. తుడవలేదు, ఉండనిచ్చాను. ఇంటాయనకి గదులు ఇప్పుడు కొనలేమని చెప్పేశాను. గొణిగాడు. అద్దె మాత్రం పెంచనన్నాడు.

ఇందులో ఇంకో ఫారం ఉంది. ఖాతాలో నా పేరు చేర్చేది. మీ ఎడమచేతి సంతకం పెట్టి పంపండి, పక్కన నాది పెడతాను. ఆపరేషన్ అయి, డాక్టరు పొమ్మనగానే వచ్చెయ్యండి. వేళ్ళు వంగినా రండి, వంగకపోయినా రండి.

బోర్డు కింద కుడి మూలన మీరు చిన్నగా సంతకం పెట్టుకున్నారు, గుర్తుందా? అదీ సగం ఊడిపోయింది. అన్నయ్య దాని మీద కూడా రంగు వెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు. ఆ మూల ఖాళీగా వదిలేశాను. మీరొచ్చి ఏ చేత్తో పెడతారో పెట్టండి. నిచ్చెన నేను పట్టుకుంటాను.

మీ
హెడ్డాఫీసు