తొందరపడని గాలం కర్ర

చిరంజీవి మనవడికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం అలవాటు. ఈసారి అందులో సగమే నిజం. నేను కులాసా.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. తాతయ్య విరగ్గొట్టిన గాలం రాడ్ లాంటిదే మరొకటి పంపనా అన్నావు. వద్దు. నువ్వు కానుకగా పంపింది మంచిదే, కానీ బిరుసు. పక్షవాతం తగ్గాక ఆయన కుడిచెయ్యి తొందరపడుతోంది. రాడ్‌ను వెనక్కి ఊపి, ఈకలు కట్టిన ఎరతో దారం వెనక పూర్తిగా సాగాక ముందుకు విసరాలి; ఆయన అది సాగకముందే విసిరేసేవారు. బిరుసు రాడ్ ఆ తొందరను రెట్టింపు చేస్తుంది. ఒకరోజు కొక్కెం ఆయన చెవితమ్మెను చీల్చింది. అక్కడి నుంచి కన్ను నాలుగు వేళ్ళ దూరం. కొలిచే చెబుతున్నాను.

అందుకే నిన్న దుకాణానికి వెళ్ళి మెత్తటిది అడిగాను. పిడి దాకా వంగి, నిదానంగా లేచేది.

"అది బద్ధకపు రాడ్ అమ్మగారూ! దూరం పోదు," అన్నాడు దుకాణదారు.

"మా ఆయన పట్టేది చేపను నాయనా, అవతలి ఒడ్డును కాదు."

దుకాణం వెనక సందులో కొక్కెం బదులు ఊలు ముక్క కట్టించుకుని, ఆయన చేతిలా పట్టు లేని చెయ్యి కావాలి గనక ఎడంచేత్తో విసిరాను. బిరుసుది ఒకటి, మెత్తటిది ఒకటి, ఒక్కోదానితో ఇరవైసార్లు. బిరుసుది ఏడుసార్లు నా వీపు మీద కొట్టింది, మెత్తటిది ఒక్కసారి. అదే తెచ్చాను.

తాతయ్య ఫోన్ దగ్గరికి ఎందుకు రావడం లేదన్నది రెండో ప్రశ్న. కొత్త రాడ్ చేతికిస్తే గోడకు ఆనించేశారు. "దీన్ని కూడా కారు తలుపులో పెట్టి విరగ్గొట్టమంటావా? మతి లేనివాడికి గాలమెందుకే!" అన్నారు. నెల రోజులుగా స్టవ్ ముట్టుకోరు. వేసిన తాళం నాలుగుసార్లు లాగి చూస్తారు. నీతో మాట్లాడితే ఎక్కడ తప్పు చెబుతానో అని భయం.

ఇక దాచి లాభం లేదు. ఆయన ఆ రాడ్‌ను తలుపులో మరిచిపోలేదు. చెవికి కట్టు కట్టించిన మర్నాడు, ఆయన కునుకు తీస్తుండగా, నేనే దాన్ని అక్కడ పెట్టి తలుపు వేశాను. లేచాక, "మీరే మరిచారు" అన్నాను. నమ్మారు. నా మాట నమ్మని రోజెప్పుడుంది గనక! కన్ను కాపాడాననుకున్నాను. మనిషినే కూలదోశాను. నీ కానుకను విరిచినందుకు మన్నించు. ఆయనతో చెప్పడానికి నోరు రాక, ముందుగా నీకు రాశాను.

ఇంతవరకు రాసి, కాగితం ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు.

"నువ్వా?"

"నేనే."

"మతి పోయిందని నెల్లాళ్ళు నేను కుమిలిపోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"కూర్చున్నానండీ."

"అబద్ధమాడిన పిల్లలకు గోడకుర్చీ వేయించిన పంతులమ్మవి! నీకెవరు వేయిస్తారే?"

కాగితం బల్ల మీద పడేసి, కొత్త రాడ్ తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. వెంట రావద్దన్నారు. కిటికీలోంచి చూస్తూ రాస్తున్నాను. దారం వెనక్కి పూర్తిగా సాగేదాకా రాడ్ ఆయన చేతిని ఆపుతోంది. పదకొండుసార్లు విసిరారు. ఒక్కటీ ఒంటికి తగల్లేదు.

ఇప్పుడే కేకేశారు. "ఫోన్ పట్రా. వాడితో మాట్లాడాలి. నీతో కాదు!"

ఈ ఉత్తరం కంటే ముందే నా మీద ఫిర్యాదు నీకు చేరుతుంది. అందులో ఒక్క మాట కూడా కొట్టిపారెయ్యకు.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న
నీ అమ్మమ్మ