నేను పోయానని సంఘానికి చెప్పకండి

టెక్సస్ రాష్ట్రం, బ్రాండ్ట్ కౌంటీ, హెరన్ క్రీక్ కాలనీలో చివరి వీధి చివరి ఇంట్లో కాపురముంటున్న లుడ్మిలా హ్రుష్కా పావ్లిక్ అనే నేను, ఊరంతా మిల్లీ అని పిలిచేదాన్ని, ఎనభై ఒకటో ఏట, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మతి నిలకడగా ఉండగా, ఎవరి బెదిరింపుకీ బుజ్జగింపుకీ లొంగకుండా రాస్తున్న కడపటి వీలునామా ఇది. ఇంతకుముందు నేను రాసినవన్నీ దీనితో రద్దయినట్టే. మతి నిలకడగా ఉందన్న ముక్క మాటవరసకి రాయలేదు. నిన్ననే డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ మాట కాగితం మీద పెట్టించుకుని వచ్చాను. "ఎందుకమ్మా ఇదంతా?" అని ఆయన నవ్వాడు. "మీ కాలనీలో సంఘం లేదు కదా, అందుకే నవ్వొస్తోంది" అన్నాను.

సంఘమంటే మా గృహయజమానుల సంఘం. ఇక్కడ ఇల్లు కొన్న రోజే అందులో సభ్యులమైపోతాం, వద్దంటే కుదరదు. ఏటా సంఘానికి పన్ను కట్టాలి. ఇంటి రంగు, గడ్డి ఎత్తు, చెత్తడబ్బా పెట్టే చోటు, అన్నీ వాళ్లు చెప్పినట్టే ఉండాలి. లేకపోతే జరిమానా. జరిమానా కట్టకపోతే లాయరు నోటీసు, ఆ లాయరు ఖర్చు కూడా మన నెత్తినే. అదీ కట్టకపోతే కోర్టు మెట్ల మీద ఇల్లు వేలం. బ్యాంకు అప్పు తీరిపోయిన ఇల్లయినా సరే. ఇది చదివే జడ్జిగారికి ఇదంతా తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఆయన అదృష్టవంతుడు.

ఒకటి. నా ఇల్లు, దాని చుట్టూ ఉన్న స్థలం, వెనకాల ఉన్న పెకాన్ చెట్టుతో సహా, మా అన్న లాడిస్లావ్ కూతురు, నా మేనకోడలు రోబర్టా పేరిట రాస్తున్నాను. షరతు ఏమిటంటే, నా తమ్ముడు ఎమిల్ హ్రుష్కా ఊపిరి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు ఎమిల్‌ది. అంతవరకూ దాన్ని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, అద్దెకి ఇవ్వకూడదు. రోబర్టా మీద నాకు అనుమానం లేదు. ఆమె మొగుడు కర్టిస్ మీద ఉంది. వచ్చిన ప్రతిసారీ వంటింటి గోడ తట్టి చూసి, "ఇప్పుడిది ఎంత పలుకుతుంది అత్తయ్యా?" అంటాడు. గోడ తట్టే అల్లుడికి నేను కాఫీ ఇచ్చాను గానీ జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను: ఎమిల్ ఉన్నంతకాలం ఏమీ పలకదు.

ఎమిల్ సంగతి రాయాలి. కుర్రతనంలో ధాన్యం గిడ్డంగి మీది నుంచి పడ్డాడు. అప్పటి నుంచి వాడికి అక్షరాలు నిలవవు. చేతులు మాత్రం బంగారం. గుమ్మంలోకి ఎవరొచ్చినా, "రండి, రండి, కూర్చోండి, అక్క కొలాచీలు చేసింది" అని ఆప్రికాట్ గుజ్జు పెట్టిన రొట్టెలు ముందు పెట్టేస్తాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. దానికి తోడు, ఎవరైనా కలం చేతికిస్తే సంతకం పెట్టేస్తాడు. తన పేరు రాయడం ఒక్కటే వాడికి గుర్తుండిపోయింది, దాన్ని నలుగురికీ చూపించడం వాడికి సరదా. ఒకసారి గచ్చు కడిగే మందు అమ్మడానికి వచ్చినవాడికీ సంతకం చేసిచ్చాడు. ఆ డబ్బాలు గరాజ్‌లో ఇంకా ఉన్నాయి. అందుచేత ఈ ఇంటికి సంబంధించి ఎమిల్ సంతకం ఏ కాగితం మీద కనిపించినా అది చెల్లదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. కాగితం ఎవరు తెచ్చారో మాత్రం కనుక్కోండి.

రెండు. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత రోబర్టాదే. రోబర్టా, నేను పోయిన కబురు తెలియగానే చేయాల్సినవి రాస్తున్నాను. ఏడవడం తర్వాత. ముందు వీధిలోకి వెళ్లి చెత్తడబ్బా లోపల పెట్టు. గడ్డి కోయించు. తలుపుకి పూలదండ తగిలించకు. పేపరులో వేయించకు. చావింటికి వీధిలో వాళ్లు గాజు గిన్నెల్లో చికెన్, నూడుల్స్ వండి తెచ్చి వసారాలో వరసగా పెడతారు. పెట్టనివ్వకు. ఏ ఇంటి వసారాలో గాజు గిన్నెలు కనిపిస్తాయో, ఆ ఇంట్లో పన్ను కట్టే మనిషి పోయిందని సంఘానికి తెలిసిపోతుంది. ఇంటికి వచ్చే ఉత్తరాలు చదివేవాళ్లు లేరని వాళ్లకి అర్థమైన మరుక్షణం ఉత్తరాలు రావడం మొదలవుతాయి. అందుకని ఇల్లు నీ పేరు మీద రిజిస్టరయ్యేదాకా నేను ఊరెళ్లానని చెప్పు. ఎమిల్‌ని మీ ఇంటికి తీసుకుపో. లేకపోతే వాడు వసారాలో నిలబడి దారినపోయేవాళ్లందరికీ చెప్పేస్తాడు, పైగా వాళ్లని ఓదారుస్తాడు కూడా.

సంఘం పన్ను పోస్టులో పంపకు. నువ్వే వెళ్లి ఇచ్చి రసీదు తీసుకో. జరిమానా అన్యాయమైనా సరే, ముందు మొత్తం కట్టి తర్వాత పోట్లాడు. ఇది ఎందుకు చెబుతున్నానో కింది పేరాలో ఉంది.

మూడు. నా భర్త ఫ్రాంక్ చేపలు పట్టే గాలాలు, వాటి పెట్టె, ఎదురింటి వెర్నెల్ హాచర్‌కి. ఎదురింటి అని అలవాటుగా రాశాను. ఇప్పుడాయన బోమాంట్‌లో కూతురి ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాడు. వెర్నెల్ ముక్కుసూటి మనిషి. వాకిట్లో పడవ నిలిపాడని సంఘం జరిమానా వేసింది. "పన్ను కడతాను, అది నా ధర్మం. పడవకి మాత్రం పైసా ఇవ్వను" అని పన్ను వరకే చెక్కు రాసి పంపాడు. ఏటా అలాగే పంపాడు. మా దగ్గర మగవాళ్లు చేసే పొరపాటు ఇదే, న్యాయం తమవైపు ఉంటే లెక్క కూడా తమవైపే ఉంటుందనుకుంటారు. సంఘం ఆ చెక్కుని ముందు లాయరు ఖర్చుకి, తర్వాత జరిమానాకి జమ కట్టుకుంది. పన్ను బాకీ బాకీగానే ఉండిపోయింది. ఆ బాకీ చూపించి, నెల మొదటి మంగళవారం నాడు కోర్టు మెట్ల మీద ఆయన ఇల్లు వేలం పాడేశారు. ఎంతకి పోయిందో రాయాలంటే చెయ్యి రావడం లేదు. ఆ ధరకి ఆయన పడవ కూడా రాదు. కొన్న కంపెనీ పేరు ఎవరూ వినలేదు. ఆ కంపెనీ తాళాలు మాత్రం సంఘం అధ్యక్షుడు డ్వైట్ కెంపర్ బావమరిది జేబులోంచి వచ్చాయి.

ఇక్కడ నేనొక మాట రాశాను. మా లాయరు కొట్టేయించాడు. "చూసింది రాయండి మిల్లీగారూ, అనుకున్నది రాయకండి" అన్నాడు. సరే, చూసింది ఇది: వెర్నెల్ సామాను పచ్చిక మీద పడేసిన రోజున డ్వైట్ తన చిన్న బండిలో వచ్చి, సోఫా కింద గడ్డి నలిగిపోతోందని ఫొటో తీసుకున్నాడు.

నాలుగు. పైన చెప్పిన అధ్యక్షుడు డ్వైట్ కెంపర్‌ది ఒట్టి నక్కవినయం. "మీ మంచికే కదమ్మా, కాలనీ విలువ పెరగాలి కదా" అంటూ వంగి గడ్డి కొలుస్తాడు. అతనికి నా కుట్టుపని టేపు ఇస్తున్నాను. నన్ను మా వాళ్ల చర్చి శ్మశానంలో ఫ్రాంక్ పక్కన పాతిపెట్టాలి. అక్కడ సంఘం లేదు. గడ్డి ఇష్టమొచ్చినట్టు పెరగనివ్వండి. డ్వైట్‌కి చూడాలనిపిస్తే ఆ టేపు పట్టుకుని వచ్చి కొలుచుకోవచ్చు.

ఐదు. ఫ్రిజ్ మీద ఉన్న ఎర్ర ఉత్తరాల పెట్టె ఎమిల్‌ది. వాడే చేశాడు. మేము పుట్టి పెరిగిన పొలంలోని కొట్టానికి అచ్చు నకలు, తలుపులు తెరుచుకుంటాయి, లోపల చెక్క ఆవు కూడా ఉంది. వీధిలో పెట్టిన వారానికే ఉత్తరాల పెట్టెలన్నీ నల్లగా ఉండాలని నోటీసు వచ్చింది. నేను వెర్నెల్‌ని చూసినదాన్ని. పోట్లాడలేదు, నా చేత్తోనే పీకేశాను. ఎమిల్ రెండు రోజులు అలిగాడు. తర్వాత, "పోనీలే అక్కా, ఆవుకి బయట చలేస్తుంది" అన్నాడు. ఆ పెట్టె ఇంటి లోపలే ఉండాలి. ఇంటి లోపలి రంగుల మీద సంఘానికి ఇంకా నియమం రాలేదు. రోజూ వచ్చిన ఉత్తరాలు అందులో వేసి వాడి చేత తలుపు తెరిపించండి. చదవడం మాత్రం మీరు చదవండి.

ఆరు. ఎమిల్ వాయించే అకార్డియన్ వాడిదే. శబ్దం ఎక్కువైందని వచ్చిన నోటీసు దాని పెట్టెలో ఉంది, పారేయకండి. మా అమ్మ కొలాచీల పళ్లెం రోబర్టాకి. కర్టిస్‌కి నా పాత కత్తెర. అది పట్టుకుంటే గోడ తట్టడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

ఏడు. పక్కింటి ఓఫీలియా ట్రెవీన్యోకి ఏమీ ఇవ్వడం లేదు. చెంచా కూడా.

ఈ సంగతి తెలిసి ఆమె నా మీదికి వచ్చింది. "ఏంటే మిల్లీ, ఇన్నేళ్లు నీ చెత్తడబ్బా నేను లోపల పెట్టాను, నీ ముసలి పిల్లికి చేప ముక్కలు నేను పెట్టాను, నాకో గిన్నయినా రాయవా? నీ మనసు రాయా?" అంది. కారణం చెబుతాను. అయితే ముందు నా అనుమానం చెప్పాలి.

ఓఫీలియా చాలాకాలం సంఘం కమిటీలో ఉంది. ఆమె ఇంటి ముందు 'ఈ నెల ఉత్తమ తోట' బోర్డు మాటిమాటికీ వెలిసేది. ఆమె వంటింటి కిటికీ నా వసారా వైపు ఉంటుంది. దాని తెర సందులోంచి ఆమె చూస్తుంది. నేనేం చేస్తున్నానో, ఎవరొచ్చారో, ఎమిల్ ఏ రంగు చొక్కా వేసుకున్నాడో అన్నీ ఆమెకి తెలుసు. ఆ తెర మూసుకొమ్మని ఎన్నోసార్లు గొడవపడ్డాను. సంఘానికి మోసే నోరు ఆమెదేనని నేను గట్టిగా నమ్మాను.

పోయిన ఏడాది నా తుంటి విరిగి ఆసుపత్రిలో పడ్డాను. పన్ను కట్టాల్సిన నెల అలాగే దాటిపోయింది. వచ్చిన ఉత్తరాలన్నీ ఎమిల్ బొత్తిగా పేర్చి నా మంచం మీద పెట్టాడు, వచ్చాక చూసుకుంటానని. ఒక మధ్యాహ్నం ఎవరో కారులో వచ్చి తలుపుకి కాగితం అంటించి వెళ్లాడు. దాని మీద పెద్ద ముద్ర ఉందని ఎమిల్ మురిసిపోయాడట. అదంతా ఓఫీలియా తెర సందులోంచి చూసింది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చి కాగితం చదివింది. అదే చెప్పులతో కారెక్కి ఆసుపత్రికి వచ్చి, నర్సులు చూస్తుండగా నా మంచం కడ్డీ పట్టుకుని ఊపింది. "లేవే! నీ ఇల్లు అమ్మేస్తున్నారు, మంగళవారమే!"

రోబర్టా సెలవు పెట్టి వచ్చి, లాయరు ఖర్చుతో సహా అంతా కట్టి రసీదు తీసుకుంది. అక్కడితో ఊరుకోవచ్చు కదా. ఓఫీలియా ఊరుకోలేదు. "కట్టించుకుని కూడా పాడేస్తారు, వీళ్ల సంగతి నాకు తెలుసు. కమిటీలో కూర్చున్నదాన్ని" అంది. ఆ మంగళవారం ఎమిల్‌ని వెంటబెట్టుకుని, రెండు మడత కుర్చీలు, మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన తమాలేలు ఒక డబ్బా పట్టుకుని కోర్టు మెట్ల దగ్గర కూర్చుంది. డ్వైట్ బావమరిది వచ్చాడు. డ్వైట్ కూడా వచ్చాడు. "ఓఫీలియాగారూ, మీరిక్కడేమిటి?" అని నక్కవినయంగా అడిగాడట. "మీ బావమరిది ఇవాళ ఎవరిల్లు కొంటాడో చూసి పోదామని" అందట ఈమె, ఎమిల్ ఆయనకి తమాలే అందిస్తుండగా. నా ఇంటి నంబరు చదవకుండానే వేలంపాట ముగిసింది. ఆ నెల నుంచి ఆమె ఇంటి ముందు ఉత్తమ తోట బోర్డు మళ్లీ కనిపించలేదు. కమిటీ నుంచి ఆమెని తీసేశారు. ఆమె దాని గురించి నాతో ఒక్క ముక్క కూడా అనలేదు.

ఎనిమిది. ఇప్పుడు కారణం. మా రాష్ట్రంలో వీలునామాలో ఏదైనా దక్కేవాళ్లు దానికి సాక్షిగా నిలిస్తే లేనిపోని చిక్కు. నేను పోయాక ఎవరో ఒకరు కోర్టుకి వెళతారు. ముసలిదానికి మతి పోయిందంటారు, ఎమిల్ సంతకం ఉన్న కాగితం ఒకటి తీస్తారు. అప్పుడు నిలబడి, నేను ఇది రాసినప్పుడు నా మతి ఎంత సరిగ్గా ఉందో చెప్పే మనిషి కావాలి. బెదిరిస్తే బెదరకూడదు. ఆమెకి ఇందులో చెంచా కూడా దక్కలేదని జడ్జిగారు చూడాలి. ఈ వీధిలో అలాంటి మనిషి నాకు ఒక్కతే కనిపించింది. ఓఫీలియా, అందుకే నీకేమీ రాయలేదు. నీకిష్టమైన నీలం గిన్నె నేను బతికుండగానే వచ్చి తీసుకుపో. త్వరగా రా.

ఆ మధ్యాహ్నం నువ్వు తెర సందు దగ్గర ఏం చేస్తున్నావన్న ప్రశ్న అలాగే ఉంది. దానికి నువ్వు ఇంతవరకూ తిన్నగా జవాబు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. నేను పోయాక కూడా ఆ తెర మూయకు.

రెండు వేల పది, అక్టోబరు పన్నెండు, మంగళవారం. ఈ రోజు వేలం లేదని కనుక్కునే సంతకాలు ఈ రోజు పెట్టుకున్నాను.

సంతకం: లుడ్మిలా హ్రుష్కా పావ్లిక్

సాక్షులు:
ఓఫీలియా ట్రెవీన్యో, పక్కిల్లు
యొలాండా బ్రిగ్స్, మా వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్టావిడ

ఎమిల్ కూడా సంతకం పెడతానని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాడు సాక్షి కాదు, వాడి సంతకం చెల్లదు, ఆ సంగతి ఒకటో అంశంలోనే రాశాను. అయినా కలం ఇచ్చాను.

ఎమిల్ హ్రుష్కా