ఖాలీ ఆవాజ్

సిరొంచ,
ఆదివారం పొద్దున.

అమ్మకు,

ఇక్కడ అందరం బాగున్నాం. ఈ 'అందరం'లో నన్ను కూడా కలుపుకొని చదువు. ఉత్తరం మొదట్లో మాటవరసకు రాసే ముక్కే అయినా ఈసారి ఆలోచించే రాస్తున్నాను. నాకు పిచ్చి లేదు. నా మీదికి ఎవరూ రాలేదు. నాకు వినబడింది సైకిల్ చప్పుడు. మీరంతా కలిసి దాన్ని నా తలలోకి ఎక్కించారు. కని పెంచినదానివి, "మగ గొంతా, ఆడ గొంతా?" అని ఉత్తరం రాసి అడుగుతావా? నవ్వాలో ఏడవాలో తెలియక కాసేపు గడపలో కూర్చున్నాను. గొంతు కాదమ్మా. 'టక్'. అంతే. టక్‌కు ఆడా మగా ఉండదు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. నీ ఫోన్‌ను వదిన స్పీకర్ మీద పెట్టి వంటింటి గట్టు మీద ఉంచుతుంది. నేను ఇక్కడ తుమ్మితే పుణెలో నలుగురు వింటారు. నువ్వు కూడా అందుకే నాగేష్ బావ చేతికి ఉత్తరమిచ్చి పంపావని అర్థమైంది. మరాఠీ బడిలో చదివినదాన్ని, నువ్వు పలక మీద దిద్దించిన తెలుగుతోనే రాస్తున్నాను. ఒత్తులు తప్పితే ఆ పాపం నీదే.

అన్నం తింటున్నాను. నిద్ర పడుతోంది. బాపు బీపీ గోలీలు మరిచిపోకుండా వేసుకుంటున్నాడు, మరిచిపోయిన రోజు కూడా వేసుకున్నానంటున్నాడు. మిట్టమధ్యాహ్నం ప్రాణహిత వంతెన మీదికి పోయావా అని అడిగావు. పోయాను. పొద్దున కూడా పోయాను. అక్కడ రోడ్డు మన వీధి కంటే నున్నగా ఉంటుంది, చప్పుడు తేటగా వినబడుతుంది, అందుకు. "మీ బాపుకు సుత అంటుకున్నదా?" అని కూడా రాశావు. దాని జవాబు కింద ఉంది. వరుసగా చెబితేనే నాకైనా అర్థమవుతుంది.

ఆనందన్న పుణెలో ఆ సైకిల్ కొని కొన్ని ఆదివారాలు తొక్కి, ఫోటోలు దిగి, చిన్నది పుట్టాక బాల్కనీలో చోటు లేదని బస్సు మీద వేసి ఇక్కడికి పంపాడు కదా. సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్. దాంతోపాటు ఒక సంచిలో హెల్మెట్, తన బూట్లు. నేను తొక్కడం మొదలుపెట్టిన వారంలోనే చప్పుడు పట్టుకుంది. కుడికాలు కిందికి పోయినప్పుడల్లా టక్. తొక్కడం ఆపి వదిలేస్తే లేదు. లేచి నిలబడి ఎత్తు ఎక్కితే ఇంకా గట్టిగా. సీటు దగ్గర పుడుతోందనుకొని సీటు బోల్టు బిగిస్తే హ్యాండిల్ దగ్గరికి పోయినట్టుంటుంది. హ్యాండిల్ బిగిస్తే వెనక చక్రంలోకి. చెయిన్‌కు నూనె పెట్టాను. నీళ్ళ సీసా తీసేశాను. జేబులో తాళంచెవి ఇంట్లో వదిలి పోయాను. ఒకరోజు అసలే రాదు, మర్నాడు ఉంటుంది. లోహంలో చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట పలుకుతుందని బీఎస్సీలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ మార్కులతో బోల్టు తిరగదు.

బాపుకు వినిపిద్దామని సైకిల్ ఇచ్చాను. ఆయన లుంగీ ఎగ్గట్టి, చెప్పులతోనే ఎక్కి, ఆ హ్యాండిల్ మీద పడుకున్నట్టు వంగి బస్టాండ్ దాకా పోయొచ్చాడు. దుకాణం ముందు నుంచి ఎర్రయ్య మామ, "ఏం బావా, పందెంకు పోతున్నవా, పారిపోతున్నవా?" అని అరిచాడు.

బాపు దిగి, "ఏం చప్పుడే? నాకేం ఇనబడలే. మంచిగ పోతుంది గద" అన్నాడు.

"నేను తొక్కితేనే వస్తది బాపూ."

ఆ మాట అన్నప్పుడు ఆయన నా మొహంలోకి ఒక చూపు చూశాడు. అదేం చూపో నాకప్పుడు తెలియలేదు.

తరువాత చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి చంద్రపూర్‌లో మయూర్‌కు పంపాను. కాలేజీలో నాకంటే ముందు చదివాడు, ఇప్పుడు సైకిళ్ళ దుకాణం నడుపుతున్నాడు. నువ్వు అనుకునేదేం లేదు, అతనికి పెండ్లయింది. అతను తిరిగి ఫోన్ చేసేసరికి నేను స్నానానికి పోయాను. బాపు ఎత్తాడు. మయూర్ మరాఠీలో ఒక ముక్క చెప్పి పెట్టేశాడట. నేను జుట్టు తుడుచుకుంటూ వచ్చేసరికి బాపు మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నడు?"

"ఏం లేదట బిడ్డా. ఖాలీ ఆవాజేనట."

ఖాళీ చప్పుడు. ఉత్త చప్పుడు. సైకిల్‌లో ఏమీ లేదని సైకిళ్ళు బాగుచేసేవాడే తేల్చేశాడన్నమాట. ఆ సాయంత్రం బాపు ఆనందన్నతో మాట్లాడుతుంటే దండెం మీద బట్టలు తీస్తూ విన్నాను. "దానికి చప్పుడు ఇనబడుతదట్రా. అది ఎక్కితెనే వస్తదట. నాకైతె ఇనబడలే. చంద్రపూర్ మెకానిక్ సుత బండిల ఏం లేదన్నడు." ఒక్క అబద్ధం లేదు చూడు. అవతల నేను ఉన్నా భయపడేదాన్ని.

గోడ అవతల నుంచి బీరమ్మ పెద్దమ్మ కూడా విన్నది. మర్నాడు నిమ్మకాయ, పసుపు పట్టుకొని వచ్చి, "జర తల వంచు బిడ్డా" అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"ఏం లేదు, ఊకెనే."

"చప్పుడు సైకిల్‌ది పెద్దమ్మా. తీస్తే దానికి తియ్యి దిష్టి."

"గట్లనే అంటరు బిడ్డా. మొదట్ల అందరు గట్లనే అంటరు."

ఇది నీకొక్కదానికే రాస్తున్నాను. ఆ రోజుల్లో నాకే అనుమానం వచ్చింది. రికార్డు మళ్ళీ మళ్ళీ వినేదాన్ని. ఫోన్‌లో ఉంది కదా, ఫోన్‌కు పిచ్చి ఉండదు కదా అని ధైర్యం చెప్పుకునేదాన్ని. అంతలోనే, వింటున్నది మళ్ళీ నేనే కదా అనిపించేది. అందుకే బాపు అహేరిలో డాక్టర్‌కు చూపిద్దామంటే మాట్లాడకుండా బస్సెక్కాను.

బస్సులో మాకు సీటు దొరికింది. కానీ బాపు కూర్చోలేదు, పైన పెట్టిన సంచి పడుతుందని దాన్ని పట్టుకొని దారికి అడ్డంగా నిలబడ్డాడు. కండక్టర్ మరాఠాయన. రెండుసార్లు చూసి, "కాకా, ఖాలీ బసా" అన్నాడు. బాపుకు కోపం వచ్చింది. "ఏడుందయ్యా ఖాళీ బస్సు? మనిషి మీద మనిషి ఉన్నరు, కనబడ్తలేదా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. పక్కనున్నాయన, "కూసోమంటుండు పెద్దమనిషీ, ఖాళీ అంటలేడు" అని చెప్పాడు. నేను మాత్రం నవ్వలేదు. మరాఠీలో ఖాలీ అంటే కింద. మయూర్ చెప్పింది ఉత్త చప్పుడని కాదు.

నాకు తెలియని మాటా ఇది? చిన్నప్పటి నుంచి బడిలో 'ఖాలీ బస్' అంటే కూర్చున్నదాన్ని. కానీ బాపు నోట, తెలుగు మాటల మధ్య వినేసరికి అది తెలుగైపోయింది. ఆస్పత్రి వరండాలోంచి మయూర్‌కు ఫోన్ చేశాను. "ఆవాజ్ ఖాలీ ఆహే అని చెప్పాను, అంతే. కింద ఎక్కడో తగులుతోంది, పెడల్ దగ్గర చూడాలి. చూడలేదా ఇంకా?" అన్నాడు. డాక్టర్ నా చెవుల్లో లైటు వేసి చూసి, నిద్ర సంగతి అడిగి, అంతా బాగుందన్నాడు. తిరుగు బస్సులో బాపుకు ఖాలీ సంగతి విప్పి చెప్పాను. "కిందనన్నా మీదనన్నా నాకైతె ఇనబడలే కద" అన్నాడు. ఆనందన్న అప్పటికే పుణెలో పెద్ద డాక్టర్ దగ్గర నంబర్ పెట్టించాడు.

ఇంతదాకా రాసి లేచిపోయి బాపుకు చాయ్ పెట్టి ఇచ్చి వచ్చాను. చాయ్ టైమేమీ కాలేదు. ఇక ముందు రాయాల్సింది ఉంది, అందుకని లేచాను.

చప్పుడు నాకు అహేరి నుంచి వచ్చిన మర్నాడే దొరికింది. నీ ఉత్తరం రావడానికి చాలా ముందు. అంకిస దారిలో వరిపొలాల పక్కన తొక్కుతూ మొదటిసారి కిందికి చూశాను. అన్నాళ్ళూ చెవులు పెట్టానే గానీ కళ్ళు పెట్టలేదు. అన్న బూట్లు నాకు పెద్దవి. ముందు గుడ్డ కుక్కి, తాడు లాగి బిగించి కడతాను. మిగిలిన కొస పొడుగ్గా వేలాడుతుంది. దాని చివర గట్టి ప్లాస్టిక్ ముక్క. కుడికాలు కిందికి పోయినప్పుడల్లా అది పెడల్ కడ్డీకి తగులుతోంది. టక్. కొసను బూటులోకి దోపాను, చప్పుడు లేదు. బయటికి లాగాను, టక్. మయూర్ ఖాలీ అన్నాడు, బాపు ఖాళీ అనుకున్నాడు, చివరికి అది నా కాలిది. రోడ్డు పక్కన సైకిల్ పడేసి ఒక్కదాన్నే నవ్వాను. చేపల గంపతో పోతున్న ఒకామె ఆగి మరీ చూసి పోయింది. ఆమె తన ఊళ్ళో ఏం చెప్పుకుందో.

ఇంటికి వచ్చాను. బాపు గుమ్మంలోనే, "దొరికిందా బిడ్డా?" అన్నాడు.

"ఇంకా లేదు బాపూ" అన్నాను.

ఎందుకన్నానో ఆ క్షణంలో తెలియదు. తరువాత కొంత తెలిసింది. ఇదివరకు నేను సైకిల్ తీస్తే, ఏడికి, ఎవలతోని, ఎప్పుడొస్తవ్ అనే వాళ్ళు. చప్పుడు వచ్చాక ఒక్కటే ప్రశ్న: దొరికిందా? చప్పుడు వెతకడానికి పోయే పిల్లను మన వీధిలో ఎవరూ ఆపలేదమ్మా. జాలిపడ్డారు, ఆపలేదు. అందుకని పొద్దున్నే తాడు కొస బయటికి వదిలి, వాకిట్లో ఒక చుట్టు తిరిగి బయలుదేరేదాన్ని. బస్టాండ్ దాటాక కొస లోపలికి దోపేదాన్ని. ఒకరోజు బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, "అవునే! టక్ అంటుంది!" అన్నాడు. ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. వెంటనే అన్నకు ఫోన్ చేశాడు. అన్న, "నీకు సుత మొదలైందా బాపూ?" అన్నాడట. నీ ప్రశ్నకు జవాబు అదీ.

అట్లా తిరుగుతూ ఒకనాడు ఎండ ఎక్కేదాకా ఆగకుండా తొక్కి జిమల్‌గట్ట చేరాను. అక్కడ ఏం పని అంటే చెప్పలేను. అడవిలో రోడ్డు సగం కంకర, ఆ టైర్లు నిలిచాయంటే నా అదృష్టం. నీళ్ళ కోసం ఆడపిల్లల ఆశ్రమశాల దగ్గర ఆగాను. వార్డెన్ భీమక్క బయటికొచ్చి సైకిల్‌ను కిందికీ మీదికీ చూసింది.

"ఏడికి బిడ్డా, గీ బక్క బండేసుకొని?"

"చప్పుడు ఎతుకుతున్న." నోటికి అదే అలవాటైపోయింది.

"దేని చప్పుడు?"

"సైకిల్‌ది."

"దొరికిందా?"

"దొరికింది."

"మరి ఇంకేం ఎతుకుతున్నవ్?"

ఇంట్లో వాళ్ళకు చెప్పని నిజం ఆమెకు ఎందుకు చెప్పానో తెలియదు. ఈలోగా పిల్లలు మూగారు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, ఒకరిని సీటు దగ్గర, ఒకరిని హ్యాండిల్ దగ్గర చెవి ఆనించమని, ఎక్కడో ఒకచోట రాయితో కొట్టి, ఎక్కడ కొట్టానో చెప్పమన్నాను. అందరూ తమ చెవి దగ్గరే అన్నారు. కొట్లాడుకున్నారు. నేను మరాఠీలో చెప్పింది వాళ్ళు గోండిలో ఒకరికొకరు చెప్పుకొని పడీపడీ నవ్వారు. ఏం చెప్పుకున్నారో నాకు అర్థం కాలేదు, బహుశా నేను చెప్పింది కాదు. భీమక్క గోడకు ఆనుకొని చూస్తూ, "సైన్స్ సార్ బదిలీ అయి పోయిండు. ఇప్పటిదాంక ఇంకొకలు రాలే. తాసికా మీద చెప్తవా?" అంది. తాసికా అంటే గంటల లెక్కన పాఠం చెప్పడం. పర్మినెంట్ కాదు. నా ఫోన్ నంబర్ రాసిచ్చి వచ్చాను. పోయిన వారం హెడ్‌మాస్టర్ ఫోన్ చేసి, వచ్చి చేరమన్నాడు. భీమక్క గదిలో ఇంకో మంచం ఉందట.

నిన్న బాపుకు అంతా చెప్పాను, తాడుతో సహా. ముందు బూటు చేతిలోకి తీసుకొని తాడు కొస లాగి చూశాడు. తరువాత, "అంటే నాకు ఇనబడ్డది నిజమే కద?" అన్నాడు. నిజమే బాపూ అన్నాను. "మరి మీ అమ్మకు నువ్వే రాయి" అని కండువా వేసుకొని ఎర్రయ్య మామ దుకాణం వైపు పోయాడు. కోపమో, కాదో తెలియదు.

నీ ఉత్తరంలో డాక్టర్ గురించి పేజీన్నర ఉంది. చివర్లో ఒక చిన్న ముక్క ఉంది. వదిన డ్యూటీకి పోతుంది, చిన్నదాన్ని ఎత్తుకునే మనిషి కావాలి, 'నువ్వస్తే నేను జర ఇంటి మొఖం చూసి వస్త' అని. దాన్నే ఎక్కువసార్లు చదివాను. నీకు నడుం నొప్పి ఉందని నువ్వు రాయలేదు గానీ అక్షరాలు కుదురుగా లేవు, పడుకొని రాసినట్టున్నావు. ఇంటికి రావాలని ఉంటే అన్నకు నువ్వే చెప్పు. వంటింట్లో, స్పీకర్ మీదే చెప్పు. నా పిచ్చిని అడ్డం పెట్టుకొని అడగొద్దు. నా బదులుకు నువ్వు, నీ బదులుకు నేను అనే లెక్కలో నేను లేను. నేను రాకపోతే నీ రాక ఇంకొన్నాళ్ళు వెనక్కి పోతుందని తెలిసే రాస్తున్నాను.

జిమల్‌గట్టలో ఎన్నాళ్ళుంటానో తెలియదు. గోండి ఎట్లా నేర్చుకుంటానో తెలియదు. పాఠం చెప్పడం నాకు పడే పనేనో కాదో అంతకంటే తెలియదు. 'ఇంకేం ఎతుకుతున్నవ్' అని భీమక్క అడిగినదానికి ఇంకా జవాబు దొరకలేదు. ఇవన్నీ తెలిశాక బయలుదేరదామంటే ఈ గడప దాటను.

రేపు జిమల్‌గట్ట బడిలో చేరుతున్నాను. సైకిల్ తీసుకుపోతున్నాను. పుణెకు రావడం లేదు. డాక్టర్ దగ్గర నంబర్ కొట్టేయమని అన్నకు చెప్పు.

ఇట్లు,
నీ బిడ్డ
అరుంధతి