రైస్ మిల్లు ముందు పాత కారు

కరీంనగర్,
మంగళవారం.

మగ్దలేనమ్మ వదినకు ప్రేమతో లిడియా వందనాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకుంటావు. మాది ఒకే గది కదా, ఫోన్‌లో ఏం చెప్పినా నీ తమ్ముడు వింటాడు. ఇది ఆయన వినకూడని మాట.

వదినా, ఇక నా వల్ల కాదు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఎత్తుతున్నాను, దించుతున్నాను, కడుగుతున్నాను. నడుము పడిపోయింది. అదైనా ఓర్చుకుంటాను. మాట తిరిగి వచ్చిందని డాక్టరు చెప్పినా బెంజమిన్ నోరు విప్పడు. ఆకలవుతుందా అని అడిగితే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. వయసంతా కార్ల సొట్టలు తీసి బతికిన మనిషి, పాత కారు కనిపిస్తే నన్ను పెళ్ళిబట్టల్లోనే రోడ్డు మీద నిలబెట్టి దాని చుట్టూ తిరిగిన మనిషి!

ఈరోజు ఆయన కాళ్ళకు రాసే నూనె కోసం సుల్తానాబాద్ వెళ్ళాను. బస్సు ఆగినప్పుడు రైస్ మిల్లు ముందు పాతకాలపు కారొకటి కనిపించింది. ఆకుపచ్చది, వెనక సీట్లో వడ్ల బస్తాలు. అలాంటిది చూసి ఎన్నేళ్ళయిందో. ఆయనకు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. ఇల్లు చేరేసరికి ఆ ఆత్రం కాస్తా చల్లారిపోయింది. ఎవరికి చెప్పను, గోడకా?

ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి ఆయనను ఖానాపూర్‌కు, మీ ఇంటికి తీసుకుపో. కొన్నాళ్ళకే అని అబద్ధం చెప్పను, మళ్ళీ తెచ్చుకోను. కోపం వస్తే తిట్టు, కానీ రా.

నీ మరదలు,
లిడియా

కరీంనగర్,
బుధవారం.

వదినా,

నిన్నటి ఉత్తరం వెనకాలే ఇదీ పంపుతున్నాను.

పొద్దున గంజి తాగిస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "సుల్తానాబాద్ల మిల్లు కాడ పాత అంబాసిడర్ చూసిన" అన్నాను. గోడ వైపున్న ముఖం ఇటు తిరిగింది.

"ఎనక ఎట్లున్నది?" అన్నాడు. ముద్దగా వచ్చింది, కానీ మాటే.

గంజి ఒలికిపోయింది. "గుండ్రంగ" అన్నాను.

"రెండు దిక్కుల రెక్కల లెక్క లేసి లేదా?"

"లేదు."

"గట్లయితే అంబాసిడర్ ఎట్లయితది? ల్యాండ్‌మాస్టర్ గది! అంబాసిడర్ కంటె ముందుది. ఇన్నేండ్లు నాతోని ఉండి గింత తెల్వదా నీకు?"

నాకు సంతోషం కలగలేదు వదినా, ఒళ్ళు మండింది. "తెల్వది! నోరుండి కూడ ఇన్ని దినాలు సప్పుడు చేయకుంట పండుకున్నవు. నేను సస్తున్ననని తెల్వదా నీకు?" అని అరిచాను. పక్కింటి నవనీత పరుగెత్తుకొచ్చింది.

ఆమె వెళ్ళిపోయాక ఆయన అన్నాడు, "తెల్సు. మాట్లాడితే నువ్వు నన్ను అక్క కాడికి పంపవు. గందుకే మాట్లాడలే. పంపియ్యి. నువ్వు జర పండుకో."

అంతకాలం నోరు బిగించుకున్నవాడు కారు పేరు తప్పు చెప్పేసరికి ఆగలేకపోయాడు, పిచ్చి మనిషి. మంచం పట్టె పట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆదివారం తప్పకుండా రా వదినా. తీసుకుపోవడానికి కాదు. నాలుగు రోజులు ఇక్కడే ఉండి నీ తమ్ముడిని నువ్వు చూసుకో. నేను పడుకోవాలి.

లిడియా