నా పాపిట, ఆయన వంశం

మార్చి 3, ఆదివారం. ఉదయం 7:15

అయిపోయింది! ఇక జన్మలో జుట్టుకు రంగు వెయ్యను. రేపు నేనే మాట మార్చకుండా రాసి పెట్టుకుంటున్నాను.

కారణాలు:
1. దురద. వేసుకున్న ప్రతిసారీ నాలుగు రోజులు తల గోక్కోవడమే పని.
2. మూడు వారాలకో ఆదివారం పాత తువ్వాలు చుట్టుకుని కుర్చీలో బొమ్మలా కూర్చోవడం.
3. దిండు గలీబులు. ఇంట్లో ఒక్కటీ శుభ్రంగా లేదు.
4. నాకు యాభై నాలుగు. ఎవర్ని మోసం చెయ్యడానికి?

ఆయనతో చెప్పాను. కాఫీ పొలమారింది. "ఇప్పుడేం తొందర?" అన్నారు. పదకొండేళ్ళు వేశాక మానడం తొందరట!

ఒక్క సుఖం మాత్రం పోతుంది. రంగు గిన్నె ఎప్పుడూ ఆయనే కడిగేవారు. "నీ చేతులు పాడవుతాయి, నేను చూసుకుంటాలే" అని స్నానాలగదిలోకి పట్టుకెళ్ళి, గంటసేపు తోమేవారు. ఈ కాపురంలో ఆయన కడిగిన గిన్నె అదొక్కటే.

మార్చి 4. సాయంత్రం

ఆయన సంగతి రాయాలి. యాభై ఏడేళ్ళు. స్కూల్లో డ్రిల్లు మాస్టారు. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు! పొద్దున్నే పది నిమిషాలు తలకిందులుగా నిలబడతారు. నెత్తురు కుదుళ్ళకు దిగుతుందట, అందుకే నలుపట. బడి పిల్లలకూ అదే బోధ, వీధి చివర కొట్టాయనకూ అదే బోధ. పాపం కొట్టాయన మెడ పట్టేసి వారం రోజులు కొట్టు మూసుకున్నాడు.

"మా వంశంలో తల నెరవడమనేదే లేదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. లోపమంతా నా వైపుదన్నమాట.

మార్చి 11, సోమవారం

నా ఉద్యోగం ఆస్పత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర. నేను కూర్చుని వంగి రాస్తాను, జనం నిలబడి చూస్తారు. మొహం కంటే ముందు వాళ్ళకు కనపడేది నా పాపిట. అక్కడ ఇప్పుడు తెల్లగీత, సుద్దముక్కతో గీసినట్టు.

సూదులు వేసే నర్సమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని ఊపేసింది. "ధైర్యం చేశారండీ! ఆరు నెలలు ఓర్చుకున్నారంటే వెండిలా మెరిసిపోతారు."

ఆరు నెలలా? ఓస్, అంతేనా!

మార్చి 16, శనివారం

ఈ వారం కిటికీ దగ్గర పిలుపులు: అక్కా - రెండు. మేడమ్ - తొమ్మిది. ఆంటీ - ముప్పై పైన. అమ్మా - లెక్క మానేశాను.

మార్చి 17, ఆదివారం. సాయంత్రం 6:00

ఆడపడుచు వచ్చింది. రెండు వీధుల అవతలే ఇల్లు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏమిటి వదినా ఈ అవతారం! అన్నయ్యను చూడు, నీకంటే మూడేళ్ళు పెద్ద. నిగనిగలాడుతున్నాడు. నీకు దిగులెక్కువ వదినా. ప్రతిదానికీ బుర్ర పాడుచేసుకుంటావు. తెల్లబడక ఏం చేస్తుంది?"

పదకొండేళ్ళుగా ఇదే మాట. ఆయన పేపరు వెనక దాక్కున్నారు. ఒక్కసారైనా "ఊరుకోవే" అనొచ్చుగా! గొంతులోకి ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ మాట నిజమైపోతుందని మింగేశాను.

మార్చి 21, గురువారం

"ఒక్కసారి వేసుకోరాదూ? నల్లజుట్టులో నువ్వెంత బాగుంటావో!" అన్నారు ఆయన. నా అందం గురించి ఆయన నోరు విప్పడం ఇది రెండోసారి. మొదటిసారి నూట నాలుగు జ్వరంలో ఉన్నారు.

కరిగిపోయాను. అయినా వెయ్యను.

మార్చి 23, శనివారం

ఆయన ఇంట్లో టోపీ పెట్టుకుని తిరుగుతున్నారు. "ఎండగా ఉంది" అన్నారు. హాల్లో!

మార్చి 24, ఆదివారం. ఉదయం 6:30

దొంగ దొరికాడు!!

టోపీతోనే తలకిందులయ్యారు. రెండో నిమిషంలో అది జారింది. నేను కాఫీ గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉన్నాను. చెవుల పక్కన, మెడ మీద, నుదుటి చుట్టూ, కుదుళ్ళన్నీ తెల్లగా! నా పాపిట్లో ఎంత పెరిగిందో సరిగ్గా అంతే.

అప్పుడు వెలిగింది. గిన్నె కడగడం! గంటసేపు! తలుపు గడియ వేసుకుని! పదకొండేళ్ళుగా నా రంగులో మిగిలింది పూసుకుని, నా వంశాన్ని ఆడిపోసుకుంటున్నాడీ మహానుభావుడు. నేనేమో ఎంత ప్రేమో అని మురిసిపోయి నర్సమ్మకు కూడా చెప్పుకున్నాను.

అడగాలా? అడగను. చూస్తాను.

7:10. "ఏవండీ, నేను రంగు మానేశాక ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఇక ఈ ఇంట్లోకి పాకెట్టు రానివ్వను" అన్నాను. ఆయన టోపీ కిందికి లాక్కున్నారు.

మార్చి 28, గురువారం

చేతికర్ర పట్టుకుని, పళ్ళు లేని తాత ఒకాయన కిటికీలోకి వంగి "మామ్మగారూ, కాస్త చీటీ రాయండి" అన్నాడు. నేను ఆయనకు మామ్మనా?

పేరు రాసే చోట వయసు రాశాను. నర్సమ్మ వెండి మాట మళ్ళీ ఎత్తింది. ఆరు నెలలంటే ఎన్ని రోజులో తెలుసా ఆవిడకి!

మార్చి 31, ఆదివారం

9:00. పళ్ళు తెస్తానని ఆయన సంచీ లేకుండా బయల్దేరారు. కళ్ళజోడు బల్ల మీదే మర్చిపోయారు.

10:20. వచ్చారు. పళ్ళు లేవు. స్నానాలగది గడియ పడింది.

11:05. లోపల నిశ్శబ్దం.

11:30. "ఏమోయ్..." సన్నటి గొంతు.

తలుపు తీస్తే వంకాయ! తల వంకాయ రంగు, చెవులు వంకాయ రంగు. ఎవరూ గుర్తుపట్టని కొట్టు వెతుక్కుంటూ ఎక్కడికో పోయి, కళ్ళజోడు లేకుండా చేతికందిన పెట్టె తెచ్చుకున్నారు.

కడుపుబ్బ నవ్వాను. నిలబడలేక గుమ్మంలో కూలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"రేపు స్కూల్లో ఆటల పోటీలు. ఏడు వందల మంది పిల్లలు" అన్నారు. బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నారు. "నలభై ఆరో ఏట మొదటి తెల్ల వెంట్రుక కనపడింది. భయమేసింది. ఈ ముసలాయన వెనక పరిగెత్తేదేమిట్లే అని పిల్లలు అనుకుంటారని."

"మరి నేను పడ్డ మాటలు?" అన్నాను. నవ్వంతా ఎటుపోయిందో. "నాకు దిగులెక్కువని మీ చెల్లెలు అంటుంటే వింటూ కూర్చున్నారే! నేనూ నమ్మేశానండీ ఆ మాట. పదకొండేళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను."

ఆయన తువ్వాలుతో చెవులు రుద్దుకున్నారు. వంకాయ పోలేదు.

12:15. వీధి చివర కొట్టుకు వెళ్ళి, నాకేనని చెప్పి, నల్లరంగు తెచ్చాను. పెద్ద పాకెట్టు. కలిపాను. ఆయన చెవులు కొబ్బరినూనెతో తోమి వదిలించి, తలకు నేనే వేశాను, కాస్త గట్టిగానే రుద్ది.

12:50. గిన్నెలో సగం మిగిలింది.

12:55. పారబోస్తే తూముకు మరకలు పడతాయి.

12:58. ముందు భాగం వరకే. ఆ తాత మళ్ళీ రావచ్చు.

1:05. ముందు వేసి వెనక వదిలేస్తే బాగుంటుందా?

1:20. అయిపోయింది. నా తల కూడా.

5:30. ఆడపడుచు వచ్చింది. "హమ్మయ్య! మళ్ళీ మనిషివయ్యావు వదినా. ఎంత రంగేసినా అన్నయ్య నలుపు నీకు రాదులే. వాడిది వంశం..."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నాదీ రంగేనే" అన్నారు. "పదకొండేళ్ళుగా మీ వదిన గిన్నెలో మిగిలిందే నా నెత్తిమీదుంది. ఇంకెప్పుడూ తనను ఆ మాట అనకు. దిగులు తనది కాదు, నాది."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈసారి మింగలేదు.

ఆడపడుచు చేతిలో బిస్కట్టు అలాగే ఉండిపోయింది. నేనూ ఆయనా కాఫీలు తాగాం. చివరికి ఆవిడ చెయ్యి మెల్లగా తన పాపిట మీదికి పోయింది.

"వదినా, ఆ గిన్నెలో ఇంకేమైనా మిగిలిందా?"

ఏప్రిల్ 1, సోమవారం. ఉదయం 6:40

మొదటి రోజు! నిన్నటిది లెక్కలోకి రాదు, అది అత్యవసర చికిత్స.

ఇక జన్మలో జుట్టుకు రంగు వెయ్యను. ఈసారి కారణం ఒక్కటే: నా తలలో ఉన్నది దిగులు కాదు, వయసు. ఆ సంగతి ఆయన నోటినుంచే విన్నాను కదా, ఇక కిటికీ దగ్గర ఎవరు ఏమని పిలిచినా పలుకుతాను.

ఆయనా మానేస్తారట, ఆటల పోటీలు అయ్యాక. ఈ పొద్దున తలకిందులు కాలేదు. నా పక్కన కుర్చీలో మామూలు మనిషిలా కూర్చుని కాఫీ తాగారు.

ఆడపడుచు మూడు వారాలకోసారి వస్తుందట. ఎవరికీ తెలియకుండా నేనే వెయ్యాలట. వేస్తాను. ఆవిడకు సరిపడా కొలిచి కలుపుతాను, చుక్క కూడా మిగలకుండా.

ఆవిడ జుట్టు చూస్తే పిడికెడు. పాకెట్టేమో పెద్దది.