పాటల నాటకంలో కాంతమణి పాత్ర తొలగింపు విషయమై

సికింద్రాబాద్, మెట్టుగూడ.
తేది 14-11-2025, శుక్రవారం. తెల్లవారుజాము నుండి మబ్బు, చలిగాలి. మేడమీది ట్యాంకుకు మోటారు వేసి ఈ అర్జీకి కూర్చున్నాను. (వాతావరణం, ఇంటి పని రోజూ పుస్తకంలో రాసే అలవాటు కొద్దీ ఇక్కడా రాశాను. తమరు దాటవేయవచ్చును.)

మా వెనుక గోడ కళాశాల ప్రిన్సిపాల్ గారికి,

అయ్యా,

విషయం: తమ రంగస్థల శాఖ వారి ఈ ఏటి నాటకముల వలన మా ఇంటికి కలిగిన నష్టములు, మరియు తమరి కొత్త సర్క్యులర్ గురించి.

1. తమ నాటకశాలకూ మా వంటింటికీ నడుమ ఒకటే గోడ. దానికి ఒక వెంటిలేటరు ఉన్నది. మొదటిదైన రాజుల నాటకం రిహార్సల్సు మొత్తం మా పోపు వాసనలోనే జరిగినవి. రాణి వేషం వేసిన సృజన అనే విద్యార్థిని ప్రతిరోజూ ఒకే చోట మాట మరచిపోయేది. నా భార్య కాంతమణికి చదువు రాదు గాని చెవులు బాగా పనిచేయును. ఆ అమ్మాయి ఆగినప్పుడల్లా కూర తరుగుతూ ఇటునుండి మాట అందించుట ఆమెకు అలవాటైనది. ప్రదర్శన నాడు కూడా రిహార్సలే అనుకున్నది. శత్రురాజు ఎదుట రాణి ఆగగానే, "వచ్చిన తొవ్వనే పో కొడుకా, నా గడప తొక్కకు" అని గట్టిగా అందించినది. సృజన అదే మాటను అదే యాసలో రాజు మొహాన కొట్టినది. సభ వారు చాలాసేపు చప్పట్లు కొట్టినారు. తమరు కూడా కొట్టినారని విన్నాను. సంతోషము.

2. మరునాడు రంగస్థల శాఖ అధిపతి ప్రిసిల్లా మేడమ్ మా ఇంటికి వచ్చినారు. కొట్లాటకు వచ్చినారనుకుని నేను కుర్చీ కూడా వేయలేదు. రెండవ నాటకంలో అత్తగారి పాత్రకు కాంతమణిని అడుగుటకు వచ్చినారట. చదువు రాని నటికి మాటలు ఎవరు చదివి వినిపించవలెనో తమ శాఖ ఆలోచించలేదు. నేనే వినిపించాను. నేను బడి మొహం చూడనివాడిని, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడగట్టుకున్నవాడిని. పైగా మితభాషిని. పెళ్ళైన నాటి నుండి ఆ విషయంలో ఇంట్లో ఫిర్యాదు ఉన్న మాట వాస్తవమే. అటువంటి నాచేత రోజూ సాయంత్రం కోడలి మాటలు పలికించినారు. "జెర గట్టిగ అనయ్యా, కోడలు గట్లనే గొణుగుతదా?" అని నన్ను మందలించుట కూడా జరిగినది.

3. మూడవ నాటకం ఎవరికీ అర్థం కానిది. అందులో కాంతమణి ఒక బెంచీ మీద గంటసేపు పలకకుండా కూర్చోవలెను. దానిని ఆమె ఇంట్లో సాధన చేసినది. ఉప్పు తక్కువైందంటే పలకదు. మందు వేసుకున్నావా అంటే పలకదు. మాట్లాడకపోవుట ఈ ఇంట్లో మొదటినుండి నా శాఖ. అది ఎదుట కూర్చున్నవారికి ఎట్లుండునో తెలియజేసినందుకు తమ కళాశాలకు నేను కృతజ్ఞతలు చెప్పదలచుకోలేదు.

4. నాలుగవది పాటల నాటకం, వచ్చే శనివారం. అందులో ముసలమ్మ, ముసలాయన వంతులవారీగా పాడుకునే పాట ఒకటి ఉన్నది. ముసలమ్మ కాంతమణి. ముసలాయన వంతు నాటకశాలలో ఒక విద్యార్థిది, వంటింట్లో నాది. నేను పాడాను. ఇరుగుపొరుగు వారు విని పరామర్శకు వచ్చినారు.

5. వ్యవహారం ఇంతవరకు తెచ్చి, తమరు సోమవారం సర్క్యులర్ ఇచ్చినారు. కళాశాల హాజరుపట్టీలో పేరు లేనివారు వేదిక ఎక్కరాదట. చప్పట్లు కొట్టిన నాడు పట్టీ చూడలేదు. ప్రిసిల్లా మేడమ్ వచ్చి తలవంచుకుని చెప్పగా, కాంతమణి "పోనియ్ బిడ్డా, నీకెందుకు తక్లీఫ్" అని చాయ్ ఇచ్చి పంపినది. తరువాత వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టినది. ఆనాటి నుండి మా ఇంట్లో మాటలు లేవు. ఈసారి అది సాధన కాదు.

కావున ఆమెను శనివారం నాటకంలో పాడనివ్వవలెనని కోరుచున్నాను. నిబంధన తప్పనిచో ఆమెను మొదటి సంవత్సరంలో చేర్చుకోవచ్చును. మార్కులు అక్కరలేదు. గోడ ఇవతలి నుండి కూడా పాఠం వస్తుందని ఇదివరకే రుజువైనది. అదీ వీలుకానిచో, ఆ అట్టముక్కను తమరే స్వయంగా వచ్చి తీయవలెను. నాకు చేతకాలేదు.

తీరిక లేకున్నను ఈ ఒక్కటి చిత్తగించవలెను.

తమ గోడకు ఇవతలి విధేయుడు,
భద్రయ్య

తా.క.: పంపేముందు ఈ అర్జీని కాంతమణికి చదివి వినిపించాను. ఆమె గురించి రాసినది ఆమెకు తెలియవలెను గదా. చివరిదాకా విని, "గిన్ని మాటలు కడుపుల పెట్టుకొని ఇన్నేండ్లు ఏం జేసినవయ్యా?" అని వంటింట్లోకి పోయినది. ఇప్పుడే అట్ట చిరిగిన చప్పుడైనది. కావున అట్ట గురించిన కోరికను రద్దు చేసుకొనుచున్నాను. పాట గురించినది రద్దు కాలేదు.

"పొద్దు గుంకె పెద్దయ్యా, ఒక్క మాట పలుకయ్యా" అని ఎత్తుకున్నది. గోడ అవతల ఎవరూ అందుకోవడం లేదు. తరువాతి వరుస ముసలాయనది. మేడమీద ట్యాంకు నిండి నీళ్ళు పొంగి మెట్ల మీదుగా దిగుతున్నవి. ముందు ఇది పాడి,